తాడును తిట్టేవాడు

ఒక తాడు ఎంత బరువు మోయగలదో తెలియాలంటే దాన్ని తెంపి చూడాలి. తెంపాక తెలుస్తుంది, కానీ అప్పటికి ఆ తాడు ఉండదు. మనం వాడేది ఎప్పుడూ తెంపని తాడునే. దాని గురించి మనకు తెలిసిందల్లా, దానితోపాటు పుట్టి మన చేతిలో తెగిపోయిన మరో తాడు గురించి. ఈ రెండింటి మధ్య ఉన్న చీకటికి మా వృత్తిలో భద్రతా గుణకం అని పేరు. మనిషి వేలాడే తాడుకు అది పది. వంద కిలోలని రాసి ఉన్న తాడు వెయ్యి కిలోల దగ్గర తెగాలి.

నేను పరిశోధనశాలలో చేరిన రోజున పరాంకుశం గారు నాకు అప్పగించిన పని, రోజుకు ఇరవై తాళ్లు తెంపడం. ఆయన అక్కడ అందరికంటే పెద్దవారు. నా వెనక నిలబడి, "తెగే ముందు తాడు ఏదో అంటుంది. వినపడుతోందా?" అని అడిగారు. వినపడింది. పీచు మీద పీచు జారుతున్న సన్నని రాపిడి. పద్నాలుగేళ్ల తరువాత ఆ రాపిడి నుంచే మేము యంత్రాన్ని తయారు చేశాం.

దానికి కాగితాల్లో పొడుగైన పేరు ఉంది. అందరూ చెవి అన్నారు. అరచేతిలో ఇమిడే పట్టకారు అది. దాని దవడల మధ్య తాడును పెట్టి మూర మూరకూ జరుపుకుంటూ పోవాలి. మనకు వినపడని శబ్దాన్ని అది తాడులోకి పంపుతుంది. ప్రతి పీచు దగ్గర నుంచీ తిరిగి వచ్చినదాన్ని వింటుంది. చివర ఒక అంకె చూపిస్తుంది. ఆ బరువు దగ్గర తాడు తెగుతుంది. తాడును మాత్రం తెంపనవసరం లేదు.

"ఇక పది రెట్లు అక్కర్లేదు," అన్నారు పరాంకుశం గారు, మొదటి వంద పరీక్షల ఫలితాలు చూసి. ఆయన గొంతులో సంతోషం లేదు. "ఆ పది మన అజ్ఞానానికి కొలతమ్మా. అజ్ఞానం పోయాక కొలత మాత్రం ఎందుకుంటుంది?"

ఫ్యాక్టరీ తాడు మీద చెవి గెలవడం పెద్ద గెలుపు కాదు. ఆ తాడు ఏ మూర దగ్గర చూసినా ఒకేలా ఉంటుంది. మాకు చేత్తో పేనిన తాడు కావాలి. ఒకచోట లావు, ఒకచోట సన్నం, ఒక పురిలో పచ్చి నార, మరో పురిలో ముదురు నార. దాని కోసం నల్లమలకు వెళ్లాను.

*

రాగులబండ పెంటలో పదకొండు గుడిసెలున్నాయి. అడవిలోని గూడేన్ని అక్కడ పెంట అంటారు. పెంటకు ఉత్తరాన కొండ నిట్టనిలువుగా తెగి ఉంటుంది. ఆ చరియ నడుమ, బండ చూరుల కింద, పెద్ద తేనెపట్లు నల్లటి చెవుల్లా వేలాడుతుంటాయి. ఉడతల గురువయ్య తాడు పట్టుకుని ఆ చరియ మీదికి దిగుతాడు. అతని భార్య ఈదమ్మ. ఆమె తమ్ముడు మండ్లి బయ్యన్న కొండ అంచున కూర్చుని తాడును కాపాడతాడు. తాడు కొస ఒక చెట్టు మొదలుకు కట్టి ఉన్నా, రెండు చేతులతో పట్టుకునే ఉంటాడు. తేనెటీగల్ని తరిమే పొగ కట్టను దించేది, దాని నిప్పు తాడును తాకకుండా చూసేది కూడా అతనే.

"అన్నదమ్ములు పట్టుకోరా?" అని ఈదమ్మను అడిగాను.

"పట్టుకోరు మేడం. అన్నదమ్ముడైతే వదిలినా వదులుతడు. అన్న పెండ్లాం మీద ఆశ, అన్న తేనెబండ మీద ఆశ. బామ్మర్ది వదలడు. వదిలితే ఏడ్చేది వాని అక్కనే గద."

తాడు పేనేది కూడా బామ్మర్దే. దిగేవాడు పేనేటప్పుడు దాన్ని ముట్టుకోకూడదు. ఒక్కో తాడుకు ఇరవై రోజులు పడుతుంది. తీగ నార కోసి, నానబెట్టి, తొడ మీద పురులు పేని, మూడు పురులను మళ్లీ ఒకటి చేసి, ప్రతి బారెడుకూ ఒకసారి పళ్లతో కొరికి చూస్తాడు. ఎందుకు కొరుకుతావని అడిగితే బయ్యన్న నన్ను వింతగా చూశాడు. "కొరక్కపోతే ఎట్ల తెలుస్తది?"

గురువయ్య దిగబోయే ముందు జరిగినదాన్ని నేను మొదటిసారి చూసినప్పుడు వాళ్లకు గొడవ వచ్చిందనుకున్నాను. గురువయ్య అంచు మీద నిలబడి తాడును నడుముకు చుట్టుకున్నాడు. బయ్యన్న తాడును రెండు వేళ్లతో ఎత్తి, చచ్చిన పామును చూపించినట్టు చూపించి, గట్టిగా అన్నాడు:

"ఇది తాడు గాదు బావా, ఎలక కొరికిన పీచు. మొన్న మేకను కడితే మేక తెంపుకపోయింది. ఒక్క పట్టు కోసుకొని బిరాన రా. రెండో పట్టుకు చెయ్యి చాపినవనుకో, మా అక్కకు వేరే మొగుణ్ణి చూస్త."

"మంచోణ్ణి చూడు," అని గురువయ్య దిగిపోయాడు.

తరువాత ఈదమ్మ చెప్పింది. తాడు పేనినవాడు తాడును పొగడకూడదు. ఎంత గట్టి తాడైనా దిగే ముందు తిట్టాలి. ఆ తిట్టు బామ్మర్ది నోటి నుంచే రావాలి, ఇంకెవ్వరూ అనకూడదు. గురువయ్య ఆ తిట్టును నమ్మాడా అంటే, నమ్మలేదు. నవ్వుతూ దిగాడు. అయినా ఒక్క పట్టే కోసుకుని వచ్చాడు. ఒకడు అబద్ధం చెబుతున్నాడని ఇద్దరికీ తెలిసిన అబద్ధం అది. అటువంటి అబద్ధంలో ఎంత బరువైనా దాచుకోవచ్చునని నాకు అప్పుడు తోచలేదు. నా నోటుపుస్తకంలో ఆ ఆచారాన్ని రెండు వాక్యాల్లో రాసుకుని, చెవిని బయటికి తీశాను.

బయ్యన్న తాళ్లలో మూడింటిని చదివాను. నాలుగు వందల పన్నెండు, మూడు వందల ఎనభై ఎనిమిది, నాలుగు వందల అయిదు. ఆ తరువాత వాటిని ఒక్కొక్కటే జీపుకు బిగించిన యంత్రంతో లాగి తెంపాం. నాలుగు వందల పన్నెండు దగ్గర మొదటిది. మూడు వందల ఎనభై ఎనిమిది దగ్గర రెండవది. మూడవది తెగే ముందు పెంట మొత్తం మూగి అంకెను పైకి లెక్కపెట్టింది. నాలుగు వందల అయిదు అనగానే తెగింది. పిల్లలు కేకలు వేశారు.

బయ్యన్న మాత్రం తెగిన ముక్కల్ని ఏరి చుట్ట చుట్టుకున్నాడు. "రెండు నెలల పని మేడం. నా తాడు గట్టిదని చెప్పనీకె నా తాళ్లన్నీ తెంపిన్రు."

"ఇక తెంపక్కర్లేదు," అన్నాను. "ఈ యంత్రం అబద్ధం చెప్పదు బయ్యన్నా. ఒక్క కిలో కూడా."

"అయితే నాకేం పని?" అన్నాడు. "నేను రోజూ చెప్పేదే అబద్ధమాయె."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నేను మాట్లాడిన మాటలన్నింటిలో, 'ఒక్క కిలో కూడా' అన్న మాటనే వాళ్లు దాచుకున్నారు.

*

రెండేళ్లలో నిబంధనలు మారాయి. పది రెట్లు అయిదయింది, అయిదు రెండయింది. చెవి చదివిన తాడుకు రెండు రెట్లు చాలునని తీర్మానించారు. నగరంలో తాళ్లన్నీ సన్నబడ్డాయి. మా అపార్ట్‌మెంట్ లిఫ్టును మోసే తీగలు మార్చినప్పుడు నేను వెళ్లి చూశాను. కొత్తవి పాతవాటిలో సగం లేవు. వాటి అంకె నాకు తెలుసు, అది సరైనదేనని తెలుసు. ఆ రోజు నుంచి అయిదంతస్తులూ మెట్లెక్కాను. ఇది శాస్త్రజ్ఞురాలికి తగిన పని కాదని నాకు నేను చెప్పుకుంటూ ఎక్కాను.

రాగులబండలో కూడా అదే జరిగింది, కొంచెం మెల్లగా. తేనె కొనే సంఘం చెవి చదివిన తాడు లేనిదే ఎవరూ చరియ దిగకూడదని నియమం పెట్టింది. అందులో తప్పేమీ లేదు. నేనే సిఫారసు చేశాను. ప్రతి ఏడాదీ తేనె రుతువు మొదలయ్యే ముందు నేను వెళ్లి తాళ్లన్నింటినీ చదివి, ఇత్తడి బిళ్ల మీద అంకె కొట్టి, తాడు కొసకు కట్టి వచ్చేదాన్ని. పెంటలో నన్ను చెవి మేడం అనేవారు.

మొదటి ఏడాది సంఘం కార్యదర్శి ఒక ప్రశ్న వేశాడు. దిగే మనిషి యాభై కిలోలు, డబ్బా పది. తాడు నాలుగు వందలు దేనికి? ప్రశ్న సరైనదే. బయ్యన్న రెండో ఏడాది రెండు వందల తాడు పేనాడు. మూడో ఏడాది ఇంకా సన్నది. ఇరవై రోజుల పని ఆరు రోజులైంది.

"తొడ మీద తోలు మళ్ల మొలిసింది," అని పంచె పైకి జరిపి చూపించాడు. నిజమే, ఏళ్ల తరబడి పురి పేని పేని నున్నబడిన చోట చర్మం మామూలుగా కనిపించింది.

తాడు సన్నబడుతున్న కొద్దీ తిట్టు కూడా పలచబడింది. మూడో ఏడాది నేను చూస్తుండగానే బయ్యన్న "ఇది తాడు గాదు బావా" అని మొదలుపెట్టాడు. గురువయ్య నడుము దగ్గర ఉన్న బిళ్లను వేలితో టకటకా కొట్టాడు.

"ఇగో, ఇత్తడి మీద రాసున్నది. ఎవనికి చెప్తున్నవ్ బామ్మర్ది?"

బయ్యన్న నవ్వి ఊరుకున్నాడు. ఆ రోజు గురువయ్య నాలుగు పట్లు కోసుకుని వచ్చాడు.

ఆ తరువాతి ఏడాది బయ్యన్న పైన కూర్చోవడం మానేశాడు. అతన్ని ఎవరూ బలవంతం చేయలేదు. తాడు తెగదని అంకె చెబుతున్నప్పుడు, దాన్ని పట్టుకుని కూర్చున్న మనిషి వృథా అని సంఘం అన్నది నిజమే. కానీ అతను దిగడానికి కారణం వేరు. నాతో చెప్పాడు.

"పదకొండేండ్ల సంది తాడే చూసిన మేడం. పట్టు ఎట్లుంటదో ఎన్నడు చూడలే. బావ వచ్చి, ఇంత పెద్దగుండె, గట్ల మెరిసె అని చెప్తడు. నేను తల ఊపుత. ఒక్కసారి కండ్లతోని చూడాలె."

బావా బామ్మర్దులు రెండు తాళ్ల మీద పక్కపక్కన దిగారు. పైన ఎవరూ లేరు.

*

ఆ ఏడాదే ఆ పని చేశాను.

పెంట మధ్యలో చాప పరిచి ఏడు తాళ్లు నా ముందు పెట్టారు. గురువయ్య తాడు అందులో నాలుగవది. నా చిటికెన వేలంత ఉంది. చెవిని మూర మూరకూ జరిపాను. నూట ముప్పై ఆరు. గురువయ్య యాభై ఒక్క కిలోలు, కత్తీ డబ్బా తేనే కలిపితే అరవై దాటవు. రెండు రెట్లకు పైనే ఉంది. నియమం ప్రకారం లోపమేమీ లేదు.

ఇత్తడి బిళ్లను చెక్క మీద పెట్టి, ఒకటి కొట్టాను. సుత్తి ఎత్తి ఆగాను. నాకు ఎలుక కొరికిన పీచు గుర్తుకొచ్చింది. వీళ్లకు ఆ తిట్టును పోగొట్టింది నేను. అది ఎంతో కొంత మోసింది. ఎంత మోసిందో ఎవరూ కొలవలేదు. దాన్ని తిరిగి ఇవ్వాలనిపించింది. ఒకటి పక్కన సున్నా కొట్టాను, దాని పక్కన రెండు. నూట రెండు. సరిగ్గా పావువంతు తక్కువ. నియమం చూసేది దిగే మనిషి బరువునే, యాభై ఒకటికి అది ఇంకా రెండు రెట్లు. మిగిలిన ఆరు తాళ్లకూ పావువంతు తగ్గించే కొట్టాను.

ఎవరికీ చెప్పలేదు. చెబితే పనిచేయదనుకున్నాను. మనసులో ఏదో తేలికైంది. ఇంటికి వచ్చిన రోజు చాలా కాలం తరువాత లిఫ్టు ఎక్కాను.

*

మార్చి నెలాఖరులో సంఘం కార్యదర్శి ఫోను చేశాడు.

"మేడం, రాగులబండలో ఒక మనిషి పోయాడు. బయ్యన్న. మీ యంత్రం తప్పేమీ లేదు. తప్పని ఎవరూ అనడం లేదు. కాకపోతే విచారణకు ఒక రిపోర్టు కావాలి, తాళ్లు సరిగానే చదివారని."

జరిగిందేమిటో విచారణ కాగితంలో గురువయ్య మాటల్లోనే ఉంది.

ఇద్దరూ పొద్దున్నే దిగారు. పచ్చి ఆకుల కట్టకు నిప్పు పెట్టి, పొగ కోసం బయ్యన్న దాన్ని తన తాడు పక్కనే మరో తాడుతో వేలాడదీశాడు. పైన మనిషి ఉన్న రోజుల్లో ఆ కట్టను అటూ ఇటూ జరిపేది పైవాడు. గాలి తిరిగింది. కట్ట ఊగి బయ్యన్న తాడును తలకు బారెడు ఎత్తున తాకింది. నార రాజుకుంది. బయ్యన్న చూసేసరికి రెండు పురులు కాలిపోయాయి. మూడవది తెగే లోపల అతను బండను కాళ్లతో తన్ని, ఊగి, గురువయ్య తాడును పట్టుకున్నాడు.

ఒకే తాడు మీద ఇద్దరు. జారిపోతున్న ఒక కాలిని బండకు ఆనించి, బయ్యన్న తన బరువంతా ఇంకా తాడు మీద పడనివ్వలేదు. కింద రెండు తాటిచెట్ల లోతు. పైకి ఎక్కడానికి పన్నెండు బారలు. పైన ఎవరూ లేరు.

గురువయ్య డబ్బాను, కత్తిని వదిలేశాడు. బయ్యన్న అడిగాడు: "బిళ్ల మీద ఎంతున్నది బావా?"

గురువయ్య చెప్పాడు. "నూట రెండు."

సంఘంలో వారం వారం అందరినీ కాటా మీద నిలబెడతారు. తమ బరువులు వాళ్లకు కంఠతా వచ్చు. గురువయ్య యాభై ఒకటి, బయ్యన్న యాభై నాలుగు. ఇద్దరూ లెక్క వేసుకున్నారు. మూడు కిలోలు ఎక్కువ. మూడు తాళ్లు తెగడం ఇద్దరూ కళ్లారా చూసినవాళ్లే. నాలుగు వందల అయిదు అనగానే తెగింది. నాలుగు వందల ఆరు దాకా ఆగలేదు.

విచారణ అధికారి అడిగాడు: అతను ఇంకేమైనా అన్నాడా?

అన్నాడు. "ఇది తాడు గాదు బావా, ఎలక కొరికిన పీచు. బిరాన పైకి పో." అని చేతులు విడిచాడు.

*

పరాంకుశం గారు అప్పటికి పదవీ విరమణ చేశారు. మల్కాజిగిరిలో చిన్న ఇల్లు. వరండాలో దండెం మీద ఆరేసిన ధోవతులు. నేను కుర్చీలో కూర్చోకుండానే చెప్పాను. ఆయన చివరిదాకా విని, ఒక్క ప్రశ్న వేశారు.

"తగ్గించానని ఎవరికైనా చెప్పావా?"

"లేదండీ."

"నా కాలంలో తాడు మీద వంద అని రాసేవాళ్లం. అది వెయ్యి మోస్తుందని మాకు తెలుసు, మేస్త్రీకి తెలుసు, కూలివాడికీ తెలుసు. ప్రాణం మీదికి వస్తే ఆ మిగతా తొమ్మిది వందల్ని నమ్ముకుని ఇద్దరు కాదు, నలుగురు వేలాడేవాళ్లు. నువ్వు ముప్పై నాలుగు కిలోలు వాళ్ల దగ్గరే పెట్టావు. పెట్టినట్టు చెప్పలేదు."

"మంచికే చేశాననుకున్నాను."

"నిజమే, మంచికే చేశావు," అన్నారు. ఆరిన ధోవతి ఒకటి తీసి మడత పెడుతూ, "నేనైనా అదే చేసేవాణ్ణి," అన్నారు. ఆ మాట నాకు ఊరటగా ఉంటుందనుకున్నారేమో. అది నా కాళ్ల కింద మిగిలి ఉన్న నేలను కూడా తీసేసింది.

ఆ వారమంతా నాతో నేను వాదించుకున్నాను. చెప్పకపోతే గురువయ్యకు ఒకటి మిగులుతుంది: బామ్మర్ది తన కోసం చేతులు విడిచాడు, విడవకపోతే ఇద్దరూ పోయేవారు. ఆ నమ్మకం మీద ఒక మనిషి వేలాడుతూ బతకవచ్చు. దాని బలం ఎంతో నేను చదవకూడదు. కానీ ఒకసారి ఒకరి మంచికోసం అంకెను దాచాను. మళ్లీ ఒకరి మంచికోసమే దాస్తున్నాను. రెండో మంచి మొదటిదానికంటే ఎందులో మెరుగో ఎంత వెతికినా దొరకలేదు. చెప్పడం మెరుగనడానికీ ఏమీ దొరకలేదు. ఏ ఆధారమూ దొరకకుండానే బయల్దేరాను.

*

గురువయ్య గుడిసె ముందు కూర్చుని ఉన్నాడు. ఈదమ్మ లోపలి నుంచి నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆమె బాగా చిక్కిపోయింది. తాడు గుడిసె చూరుకు చుట్టగా వేలాడుతోంది, బిళ్లతో సహా.

"మీ రిపోర్టు వచ్చిందంట మేడం," అన్నాడు గురువయ్య. "యంత్రం మంచిదే అని."

"యంత్రం మంచిదే. బిళ్ల మంచిది కాదు. ఈ తాడు నూట ముప్పై ఆరు మోస్తుంది గురువయ్యా. నేను నూట రెండని కొట్టాను. మీరు జాగ్రత్తగా ఉంటారని."

అతను అర్థం కానట్టు చూశాడు. ఈదమ్మే ముందు మాట్లాడింది.

"మా తమ్ముడు పేనిన తాడు అది."

"అవునమ్మా."

"తెగకపోతుండె."

"తెగేది కాదు."

ఆమె గుమ్మంలో కూలబడింది. ఏడవలేదు. "నన్నడిగితే చెప్తుంటి గద," అంది, ఎవరితోనో. "వాడు పేనింది ఎట్ల తెగుతది?"

గురువయ్య తన చేతులు చూసుకున్నాడు. "నన్ను ఎంతున్నదని అడిగిండు మేడం. నేను ఉన్నదున్నట్టు చెప్పిన. రెండు వందలని ఎందుకు చెప్పలే? వాడు పదకొండేండ్లు నాకు అబద్ధం చెప్పిండు. నేను వానికి ఒక్కటి చెప్పలేకపోతి."

తరువాత లేచాడు. చూరు నుంచి తాడు తీసుకుని గుడిసె వెనక ఉన్న ఇప్పచెట్టు దగ్గరికి నడిచాడు. లావాటి కొమ్మ మీదుగా తాడు వేసి, కొసను మొదలుకు మూడు చుట్లు చుట్టి ముడి వేశాడు. సంఘం కాటాను, ఒక గోనెసంచిని తెచ్చాడు. సంచిలో రాళ్లు వేయడం మొదలుపెట్టాడు. కాటా ముల్లు యాభై నాలుగు దగ్గర ఆగేదాకా ఒక్కొక్క రాయే ఏరి వేశాడు. కొంచెం ఎక్కువైతే చిన్న రాయి తీసి మరో రాయి వేశాడు.

"చూడున్రి మేడం. సరిగ్గ ఉన్నదా?"

"యాభై నాలుగు," అన్నాను.

సంచిని తాడుకు కట్టాడు. దాని పైన తాను తాడును చేతులతో, కాళ్లతో పెనవేసి, కాళ్లు నేల నుంచి ఎత్తాడు.

తాడు బిగిసింది. కొమ్మ కొద్దిగా వంగింది. సంచి మెల్లగా ఒక చుట్టు తిరిగి, వెనక్కి తిరిగి, ఆగింది. నేను చెవిని బయటికి తీయలేదు. పరిశోధనశాలలో వినడం నేర్చుకున్న చెవులు నాకున్నాయి. తాడు ఏమీ అనడం లేదు. ఒక్క పీచు కూడా జారడం లేదు.

గురువయ్య కళ్లు మూసుకుని వేలాడాడు. ఊగాడు, కావాలనే, ఎక్కేటప్పుడు మనిషి ఊగినట్టు. పన్నెండు బారలు ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఊగాడు. ఆ తరువాత కూడా ఆగలేదు.

"ఇంకెంత మోస్తది?" అని అడిగాడు, కళ్లు తెరవకుండా.

"ముప్పై ఒకటి."

"సంచిల రాళ్లు వెయ్యున్రి."

నేను కదలలేదు. ఎండ ఇప్పచెట్టు మీదికి వచ్చింది. అతని ముంజేతులు వణకడం మొదలైంది. దిగితే ఇక బయ్యన్న ఎందుకు చనిపోయాడన్న ప్రశ్న ఒక్కటే మిగులుతుంది. వేలాడినంతసేపు తాడు జవాబిస్తుందేమోనని అతని ఆశ. తెగితే అతనికి మేలు, బయ్యన్న ఊరికే పోలేదని తేలుతుంది. అది తెగదని నాకు తెలుసు. ఒక్క కిలో కూడా తేడా లేకుండా తెలుసు.

ఈదమ్మ వచ్చి చెట్టు మొదట్లో కూర్చుంది. ముడి దగ్గర తాడును రెండు చేతులతో పట్టుకుంది, తమ్ముడు పట్టుకున్నట్టే. భర్తను వెనక్కి రప్పించే మాట ఒకటుంది. దాన్ని అనవలసినవాడు లేడు. ఆమెకు వేరే తోబుట్టువులు లేరు. ఆడవాళ్లు ఆ తిట్టు తిట్టరు. అయినా నోరు తెరిచింది.

"ఇది తాడు గాదు..." అని మొదలుపెట్టింది.

అక్కడే ఆగిపోయింది. అది తాడేనని అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

గురువయ్య దిగలేదు.